ఒక గిన్నె పెరుగు – 33,969 ప్రక్రియలు

మా ఆఫీసులో ఏం పని చేస్తారని అడిగి, చెప్పగానే నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మిగతా ఆఫీసులన్నీ జనం చేత నింపించే ఫారాలను తయారుచేసే ఆఫీసు మాది. పేరు నమూనా పత్రాల సంచాలక కార్యాలయం. ఊరు గోదావరి గట్టుమీది గౌతమీపురం. అందులో నేను సూపరింటెండెంటుని. చనిపోయినవారి ధ్రువపత్రానికి పెట్టుకునే దరఖాస్తులో ‘చనిపోయినవారి సంతకం’ అన్న గడిని తీయించినవాణ్ణి నేనే. దానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. తరువాత జరిగినదానిలో నా పాపం ఎంతో మీకు తెలియాలని చెబుతున్నాను.

మా డైరెక్టరుగారు తాళ్లూరి విశ్వమోహనంగారు పోయిన కార్తీకంలో ఏదో ప్రకృతి శిబిరానికి వెళ్లి ఇరవై రోజులుండి వచ్చారు. వెళ్లేటప్పుడు కారు తలుపులో ఇరుక్కున్న మనిషి, వచ్చేటప్పుడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. షుగరు మూడు వందల నుంచి నూట ముప్పైకి దిగింది. ముఖంలో వెలుగొచ్చింది. కళ్లజూసినదాన్ని కాదనడం ఎందుకు, ఆయనకు మేలు జరిగింది. ఆ మేలు ఆయన దగ్గరే ఆగి ఉంటే ఈ కథ లేదు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. “పొలమునకును పొట్టకును మధ్య మూడు ప్రక్రియలకు మించి లోనైన ఏ ఆహారమునైనను ప్రక్రియాపీడిత ఆహారముగా పరిగణించి, కార్యాలయ ప్రాంగణమున నిషేధించడమైనది. సదరు ఉత్తర్వు తక్షణమే అమలులోకి వచ్చును.”

“మూడే ఎందుకండీ?” అన్నాను.

“వామనుడికి మూడడుగులు చాలాయి. మీకు చాలవా?” అన్నారు డైరెక్టరుగారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అన్నవాడితోనైనా వాదించవచ్చు గానీ, వామనుడితో ఏం వాదిస్తాం? “సదరు లెక్కకు ఒక ఫారం కావాలి. మీరైతేనే పకడ్బందీగా చేస్తారు” అని కూడా అన్నారు. అక్కడ పడిపోయాను. ఆ రాత్రంతా నాకు నిద్రలేదు, ఆనందంతో. తెల్లారేసరికి ఫారం 7-ఎ సిద్ధం. ‘ఆహార ప్రక్రియల స్వీయ ప్రకటన.’ పద్నాలుగు గడులు. నేను చేసిన వాటిలో అంత అందమైనది ఇంకోటి లేదు.

మొదటి దరఖాస్తు నూకరత్నంది. నూకరత్నం మా కాంటీను నడిపే మనిషి. పందొమ్మిదేళ్లుగా పొద్దున ఇడ్లీ, పెసరట్టు, మధ్యాహ్నం భోజనం, అన్నీ ఆవిడ చేతివే. ఆవిడ కింద ముగ్గురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఆ నెలాఖరుకు ఆవిడ అనుమతి గడువు తీరిపోతుంది. కొత్త ఉత్తర్వు ప్రకారం ఒక్క వంటకమైనా 7-ఎ లో నెగ్గితేనే పొడిగింపు, లేకపోతే కాంటీను ఖాళీ చేసి వెళ్లాలి.

“ఇడ్లీ ఎట్టా చేస్తావో చెప్పు” అన్నాను పెన్ను తీసి.

“పందొమ్మిదేళ్లుగా తింటన్నారు, ఇయ్యాల అడుగుతున్నారేంటండి బాబూ?” అని నవ్వింది. “పప్పు నానబెడతామండి. కడిగి పొట్టు తీత్తామండి. రుబ్బుతామండి. రవ్వ నానేత్తామండి, పిండుతామండి, రెండూ కలుపుతామండి. పొద్దునకి పులుత్తాదండి. ఆవిరి పెట్టేత్తామండి.”

“ఎనిమిది” అన్నాను.

“పులవడం నేను చేసేది కాదండి. అదే పులుత్తాది. నేను నిద్దరోతానండి.”

“నువ్వు నిద్రపోతున్నంత మాత్రాన ప్రక్రియ నిద్రపోదు” అన్నాను. రవ్వ ఎక్కడిదని అడిగాను. వడ్లు నూర్చడం, తూర్పారబట్టడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మర పట్టడం, రవ్వ ఆడించడం. ఇవో ఆరు. మొత్తం పద్నాలుగు. ఎర్ర సిరాతో ‘తిరస్కృతం’ అని రాసి చుట్టూ గీత గీశాను. పెసరట్టు పోయింది. ఆవకాయ అయితే పదహారు దగ్గర నా వేళ్లు నొప్పెట్టి లెక్క ఆపేశాను.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. అన్నానికి లెక్క వేస్తే నూర్చడం, తూర్పారబట్టడం, మర పట్టడం, కడగడం, వండటం. అయిదు! అన్నం నిషేధం. డైరెక్టరుగారు ఏమాత్రం చలించలేదు. “అందుకే మన పూర్వులు చిరుధాన్యాలు తిన్నారు. కొర్రలు పెట్టించండి” అన్నారు. కొర్రల లెక్క తీశాం. నూర్చడం, తూర్పారబట్టడం, పొట్టు తీయడం, నానబెట్టడం, వండటం. అవీ అయిదే. పూర్వులు కూడా 7-ఎ లో తప్పారు.

“పొట్టు తీయకుండా, వండకుండా నానబెట్టి పెట్టండి. మూడు” అన్నారు డైరెక్టరుగారు. “పిచ్చుకలు తినడం లేదా? ఏ పిచ్చుకకైనా షుగరుందా?”

లేదు. మా దగ్గర ఆ వివరాలు లేవు.

సోమవారం మధ్యాహ్నం నూటపదిమంది ఉద్యోగులు స్టీలు ప్లేట్లలో పొట్టుకొర్రలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ చప్పుడు నేను జన్మలో మరిచిపోను. మూడు గంటలకల్లా మా అటెండరు గవర్రాజు కట్టుడుపళ్లు రెండు ముక్కలయ్యాయి. వాటికి బదులు కొత్తవి ఇప్పించమని అర్జీ పెట్టుకుంటే, ఫైలు డైరెక్టరుగారి దగ్గర నుంచి ఇట్లా తిరిగొచ్చింది: “నమలడం ప్రక్రియ కాదు, దేహధర్మము. అయితే కట్టుడుపళ్లతో నమలడం యంత్రసాయముతో జరుగు నలగ్గొట్టుడు క్రిందికి వచ్చును గనుక దానిని నాల్గవ ప్రక్రియగా లెక్కించవలెను. అర్జీదారు నిబంధన ఉల్లంఘించినట్టు గమనించడమైనది.”

“నా పళ్లు ఇరిగితే నాకే మెమోనా?” అని బోసినోటితో గవర్రాజు అందరి బల్లల దగ్గరికీ తిరిగి చూపించాడు పాపం.

ఇళ్ల నుంచి కారేజీలు తెచ్చుకునేవాళ్లకీ గేటు దగ్గర ఫారం తప్పనిసరి చేశాం. మా ఆవిడకు ఫారం ఇచ్చి గోంగూర పచ్చడికి నింపమన్నాను. ఆవిడ పద్నాలుగు గడులూ పైనుంచి కిందికి చదివి, “దీంతోనే కలుపుకు తినండి” అని ఫారాన్ని మడిచి ఖాళీ కారేజీలో పెట్టి పంపింది.

నూకరత్నం మాత్రం ఊరుకునే ఘటం కాదు. మర్నాటి నుంచి ఉడికించిన చిలకడదుంపలు, పచ్చి వేరుశెనగ, జామకాయలు, దోసకాయలు, తేగలు దింపింది. అన్నీ ఒకటి రెండు ప్రక్రియల సరుకే. నిజం చెప్పొద్దూ, ఆ పదిహేను రోజులూ బాగున్నాయి. నా షుగరు రెండు వందల నలభై నుంచి నూట అరవైకి వచ్చింది. బెల్టుకు రెండు బెజ్జాలు కొత్తగా పొడిపించాను. మధ్యాహ్నం బల్లమీద తల వాల్చేవాళ్లు తలెత్తి కూర్చుంటున్నారు, దానివల్ల పనేమీ పెరగకపోయినా.

“చూశావా, డైరెక్టరుగారు చెప్పిందాంట్లో నిజముంది” అన్నాను నూకరత్నంతో.

“ఎవరు కాదన్నారండి? మా అత్తగారు దుంపలూ అంబలీ తినే తొంబయ్యేళ్లు బతికిందండి. కానీ ఆవిడ తిన్న గింజ ఆవిడే దంచుకునేదండి, రోజూ రోకలి పట్టుకుని. మీకు తిండి మాత్తరం ఆవిడది కావాలి, రోకలి ఒద్దు. అయినా దుంప ఎన్నాళ్లు తింటారండి? రేపో ఎల్లుండో నాలిక అడుగుద్దండి” అంది.

నాలుక పదహారో రోజున అడిగింది. దుంపను చూస్తే గవర్రాజు గోడవైపు తిరిగి నిలబడుతున్నాడు. “దుంపలు ప్రక్రియలో నెగ్గినవే అయినా, వాటిని ఉద్యోగులు స్వచ్ఛందముగా భుజించుట లేదు కనుక వంటకముగా పరిగణింపబడవు” అని డైరెక్టరుగారు తేల్చారు. సరిగ్గా అదే వారంలో టై కట్టుకున్న ఒక మనిషి వచ్చి నా బల్లమీద రంగురంగుల బంగాళాదుంప చిప్స్ పొట్లం పెట్టి, అచ్చుగుద్దినట్టు నింపిన 7-ఎ ఇచ్చాడు. కోయుట. వేయించుట. నింపుట. మూడు!

“మరి ఈ పైన చల్లిన ఎర్రపొడి?” అన్నాను.

“అది వేయించుటలో అంతర్భాగం సార్.”

“వాసన?”

“వాసన పదార్థం కాదు కద సార్, అనుభూతి. మీ ఫారంలో అనుభూతికి గడి లేదు.”

లేదు. నా ఫారంలో లేదు. నేను కక్కలేక మింగలేక సంతకం పెట్టాను. ఆ తరువాత అతనే రంగు సోడా సీసా తీశాడు. కలుపుట, నింపుట. రెండే! మా ఫారం చరిత్రలో జామకాయ తరువాత అంత తక్కువ ప్రక్రియల ఆహారం అదే. డైరెక్టరుగారు ఆ సీసాకు ‘ప్రకృతి సన్నిహిత ఆహారం’ అని ప్రశంసాపత్రం ఇచ్చారు. వరండాలో పొట్లాల యంత్రం వెలిసింది. పొద్దున చిప్స్, మధ్యాహ్నం చిప్స్, నాలుగింటికి సోడా. నా షుగరు రెండు వందల డెబ్బైకి ఎక్కింది. బెల్టుకు పొడిపించిన బెజ్జాలు ఎందుకూ కొరగాకుండా పోయాయి.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా నూకరత్నం మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది.

“ఇదొక్కటీ చూడండి బాబూ. పెరుగండి. పాలు కాత్తాం, చల్లారబెడతాం, తోడేత్తాం. మూడేనండి! లెక్కెట్టుకునే వచ్చానండి. ఇది దాటిందంటే నా కాంటీను నిలబడతాది. ఆ ముగ్గురు ఆడోళ్లకి కూడా చెప్పొచ్చానండి, పర్లేదు పని పోదని.”

నాకూ ప్రాణం లేచివచ్చింది. గబగబా రాస్తున్నాను. కాచుట. చల్లార్చుట. తోడువేయుట. దేవుడా, దాటేసింది! ‘అంగీకృతం’ అని రాయబోతూ, పాడు అలవాటు, కిందికి చూశాను. తొమ్మిదో గడి. ‘వాడిన ముడిసరుకులలో ఇదివరకే ప్రక్రియకు లోనైనవి ఉన్నచో వాటి వివరములు.’

“తోడు ఎక్కడిది?” అన్నాను.

“నిన్నటి పెరుగండి.”

“నిన్నటి పెరుక్కి?”

“మొన్నటిదండి.” నూకరత్నం ముఖం విప్పారింది. “మా తోడు ఎవరింటా అడగమండి. నా పెళ్లయి కాపరానికొచ్చిన రోజున మా అత్తగారు చిన్న ముంతలో ఏసి ఇచ్చిందండి. ముప్పై ఒక్కేళ్లండి. తుపాన్లొచ్చినా, పురుళ్లొచ్చినా ఒక్క పూట తప్పలేదండి. అదే తోడండి ఇది.”

ఆవిడ గొప్పగా చెబుతుంటే నా చెయ్యి నా మాట వినకుండా గుణించడం మొదలుపెట్టింది. ముప్పై ఒక్కేళ్లు, లీపు రోజులు ఎనిమిది కలిపి, పదకొండు వేల మూడు వందల ఇరవై మూడు రోజులు. రోజుకు మూడు. ముప్పై మూడు వేల తొమ్మిది వందల అరవై తొమ్మిది ప్రక్రియలు. రాష్ట్రంలో నమోదైన అత్యంత ప్రక్రియాపీడిత ఆహారం!

తిరస్కృతం అని రాయక తప్పలేదు. నూకరత్నం ఆ అంకెవంక చూసి, నావంక చూసింది. “మా అత్తగారి తోడు గురించి మీరడిగితే మురిసిపోయి చెప్పానండి. అదే నా మెడకి సుట్టారు. పందొమ్మిదేళ్లు అన్నం పెట్టానండి మీకు” అని గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక ఫారాన్ని చూసి థూ అన్నాను, అదీ నేను చేసిన ఫారాన్ని.

ఫారంతో వచ్చిన రోగానికి మందు కూడా ఫారంలోనే ఉండాలని ఆ సాయంత్రం తోచింది. మా మేడమీద వారసత్వ విభాగం అని ఒకటుంది. ‘పాతికేళ్లకు తగ్గకుండా, ఒక్కరోజూ అంతరాయం లేకుండా కొనసాగిన సంప్రదాయానికి లిఖితపూర్వక ఆధారం’ వెతకడం వాళ్ల పని. నాలుగేళ్లుగా ఒక్కటీ దొరకలేదు. దాని అధికారిణి సౌగంధికగారు ఉద్యోగం ఊడుతుందేమోనని బిక్కుబిక్కుమంటున్నారు. నూకరత్నం 7-ఎ నకలు ఒకటి తీసి పైకి పంపాను. ముప్పై ఒక్కేళ్లు, పదకొండు వేల మూడు వందల ఇరవై మూడు తరాలు, కింద సూపరింటెండెంటు సంతకం. అంతకు మించిన లిఖితపూర్వకం ఏముంటుంది?

పావుగంటలో సౌగంధికగారు పరుగున కాంటీనుకు దిగివచ్చారు. “ఇది ఆహారం కాదండీ, సజీవ వారసత్వ సంపద!” అన్నారు గిన్నెకు దణ్ణం పెడుతూ. అదే రోజు రాష్ట్రస్థాయి ఆమోదం వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. తెల్లారి వచ్చి చూద్దును కదా, పెరుగు గిన్నె వరండాలో గాజుపెట్టెలో ఉంది. తాళం, లక్క ముద్ర, పక్కన కర్ర పట్టుకుని గవర్రాజు. మీద పలక: ‘సంపదను ముట్టరాదు. రుచి చూడరాదు.’

“సంప్రదాయాన్ని కాపాడాలంటే తినడం ఆపాలి కదండీ” అన్నారు సౌగంధికగారు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పెరుగు పెట్టెలో పడింది, నూకరత్నం వీధిలో పడబోతోంది. గడువుకు మూడు రోజులు. మొదటిరోజు పెరుగు మీద నీరు తేలింది. రెండోరోజు పచ్చగా బూజు. మూడోరోజు వాసన. గవర్రాజు ముక్కుకు తువ్వాలు కట్టుకుని కాపలా కాస్తున్నాడు. డైరెక్టరుగారూ, సౌగంధికగారూ పెట్టె చుట్టూ తిరుగుతున్నారు.

“సంపదకు ప్రాణహాని జరిగితే బాధ్యత ఎవరిది?” అన్నారు డైరెక్టరుగారు. చిప్స్ తిని తిని ఆయనకు మళ్లీ కారు తలుపు బిగువవుతోంది.

కాంటీను గిన్నెలు సర్దుకుంటున్న నూకరత్నాన్ని పిలిపించారు. ఆవిడ పెట్టెలోకి తొంగిచూసి చెంపలు వాయించుకుంది. “అయ్యో, సంపేశారేంటండి? పెరుగన్నది పెట్టెలో బతుకుద్దా? ఏ రోజుది ఆ రోజు తింటేనే బతుకుద్దండి. తినకపోతే చచ్చిపోద్దండి!”

“అయితే పరంపర తెగిపోయినట్టేనా?” అన్నారు సౌగంధికగారు.

“ఎందుకు తెగుద్దండి? ఇంట్లో తోడెట్టుకోకుండా ఈ ఆఫీసుని నమ్ముకుంటానేంటండి నేను?”

ఇద్దరు అధికారులూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు, వాసన మరిచిపోయి. నేను అదను చూసి జేబులోంచి ఒక కాగితం తీశాను.

“సజీవ సంపదను సజీవంగా ఉంచాలంటే రోజూ కొత్తగా తోడు వేయాలండి. అదీ యథాతథ పరిమాణంలోనే, అంటే కాంటీనులో వేసినట్టు నలభై లీటర్లు. మరి నిన్నటి నలభై లీటర్లనూ ఏం చేయాలి? వారసత్వ అవశేషాన్ని కాలవలో పారబోయడం నేరం. కాబట్టి అధికారుల సమక్షంలో, రోజూ, పూర్తిగా నిర్మూలించాలి. అందుకు ఫారం 7-డి తయారుచేశానండి.”

డైరెక్టరుగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. “నిర్మూలన విధానం: దహనము, ఖననము, నిమజ్జనము, ఇతరములు. ‘ఇతరములు’ దగ్గర ‘మానవోదరములందు’ అని ఉందేమిటి?”

“పర్యావరణానికి హాని లేనిది అదొక్కటేనండి.”

“తినడమా? నిషేధం కదా!”

“తినడం కాదండి, నిర్మూలన. ఆహారం కాదని సౌగంధికగారే రాసిచ్చారు. ఆహారం కానిదానికి 7-ఎ వర్తించదు.”

ఆయన కాగితం తిరగేశారు. “వట్టి పెరుగును నలభై లీటర్లు ఎట్లా నిర్మూలిస్తారు?”

“అందుకు అన్నాన్ని నిర్మూలన మాధ్యమంగా వాడతామండి, మూడో గడిలో ఉంది. ఆవకాయ నిర్మూలన ఉత్ప్రేరకం. పప్పు, కూర, అనుబంధ సామగ్రి. పొద్దునపూట ఇడ్లీ ఉండాలండి, సిబ్బందికి నిర్మూలించే ఓపిక రావడానికి. దుంపలు, జామకాయలు కూడా రాశాను, వారానికి మూడు రోజులు, షుగరున్న నిర్మూలకుల కోసం.”

ఆయన సంతకం పెట్టారు. రాష్ట్రస్థాయి సంపదకు ఎదురు చెప్పేవాడెవడు? సాయంత్రానికల్లా నూకరత్నం చేతికి ఉత్తర్వు అందింది. ‘వారసత్వ అవశేష నిర్మూలన నిర్వాహకురాలుగా సదరు నూకరత్నంగారిని మరో అయిదేళ్లకు నియమించడమైనది.’ ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పిచూసి, “ఇంతకీ నన్ను ఉంచినట్టా, తీసేసినట్టా అండి?” అంది.

“ఉంచినట్టే. ఆ ముగ్గురినీ కూడా” అన్నాను. అప్పుడేడ్చింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, సిగ్గెందుకు.

మర్నాడు పన్నెండున్నరకు మొదటి నిర్మూలన. నూటపదిమందిమీ అరిటాకులు వేసుకుని కూర్చున్నాం. పెరుగన్నంలోకి ఆవాలు, ఇంగువ, ఎండుమిరపకాయ తాలింపు పడ్డ చప్పుడుకు మేడమీద వాళ్లు కూడా దిగివచ్చారు. పళ్లు లేని గవర్రాజు అందరికంటే ముందు ఆకు ఖాళీ చేశాడు. పర్యవేక్షకుడి హోదాలో మూలన విడిగా కుర్చీ వేయించుకున్న డైరెక్టరుగారు, సాక్షిసంతకానికి ముందు నమూనా పరీక్ష అవసరమని ఒక ముద్ద తీసుకున్నారు. తరువాత కుర్చీ వదిలి మా పంక్తిలోకి వచ్చి బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. మూడుసార్లు ఆకు నిండింది, మూడుసార్లు ఖాళీ అయింది. గిన్నె ఎత్తబోతున్న నూకరత్నాన్ని ఆపి, వేళ్లు నాక్కుంటూ, గంభీరంగా అన్నారు:

“సదరు గిన్నె అడుగున ఇంకా అవశేషము కనబడుచున్నది. ఇటు వెయ్యవలెను.”

“ఆయ్, ఏత్తానండి” అంది నూకరత్నం గరిటె వంచుతూ. “కాస్త నెమ్మదిగా నిర్మూలించండి బాబూ, పొలమారుద్ది.”